బెర్తా బెంజ్ ప్రయాణము

చోడవరము నుండి విశాఖపట్నమునకు పోయి, మరల ఇల్లు చేరినచో ప్రయాణము సుమారు నూరు కిలోమీటర్లగును. నేడు ఇది గొప్ప కార్యము కాదు. దారిలో పెట్రోలు బంకులు కలవు. బండి ఆగిపోయినచో బాగుచేయు మెకానికులు కలరు. ఈ రెండును లోకమున ఎచ్చటను లేని కాలమున, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఇంచుమించు అంత దూరము మోటారుబండిపై ప్రయాణించిన తల్లి బెర్తా బెంజ్.

ఆమె 1849వ సంవత్సరము మే 3వ తేదీన జర్మనీ దేశమందలి ఫోర్జ్‌హైము పట్టణమున జన్మించెను. తండ్రి వడ్రంగము వలన ధనము గడించినవాడు. మరల ఆడపిల్లయే పుట్టినదను విచారము ఆ కుటుంబపు బైబిలులో వ్రాయబడెననియు, బెర్తా చిన్ననాడే ఆ వ్రాత చూచెననియు చెప్పుదురు.

కార్ల్ బెంజ్ అను ఇంజనీరుతో ఆమెకు వివాహము నిశ్చయమైనప్పుడు ఆతని కర్మాగారము చిక్కులలో నుండెను. భాగస్థునితో పొత్తు కుదరలేదు. బెర్తా తనకు రావలసిన కట్నమును వివాహమునకు ముందే తండ్రి వద్ద తెచ్చి, ఆ భాగస్థుని వాటా కొనుటకు ఇచ్చెను. కట్నపు సొమ్ము ఇంతకన్న మంచి పనికి వినియోగపడిన సందర్భములు అరుదు. 1872లో వారి వివాహము జరిగెను.

పెక్కేండ్లు శ్రమించి కార్ల్ గుఱ్ఱము లేకయే నడచు మూడు చక్రముల బండిని నిర్మించెను. 1886 జనవరి 29న దానికై పేటెంటు హక్కు కోరుచు దరఖాస్తు చేసెను. హక్కు వచ్చెను గాని, కొనువారు రాలేదు. జనులు వింతగా చూచి పోవుచుండిరి. కార్ల్ మిక్కిలి జాగ్రత్తపరుడు. బండిలో ఇంకను లోపములున్నవని దిద్దుచునే యుండెను. ఊరికి దూరముగా దానిని తీసికొనిపోవుటకు జంకుచుండెను. బండి దూరప్రయాణమునకు పనికివచ్చునని కన్నులార చూపిననే గాని జనులు నమ్మరని బెర్తా గ్రహించెను.

1888 ఆగస్టులో బడులకు సెలవులు. ఒకనాటి తెల్లవారుజామున, భర్త నిద్ర లేవకముందే, ఆమె పదునైదేండ్ల యూజెన్‌ను, పదమూడేండ్ల రిచర్డును తోడు తీసికొని మాన్‌హైము నుండి పుట్టినిల్లున్న ఫోర్జ్‌హైమునకు బయలుదేరెను. ఆ దూరము నూరు కిలోమీటర్లకు పైమాటే. పోవుచున్నట్లు ఒక చీటీ మాత్రము ఇంటిలో వదలెను. చప్పుడు వినబడకుండ బండిని కొంతదూరము త్రోసికొనిపోయి, పిదప వెనుకనున్న పెద్ద చక్రమును చేతులతో త్రిప్పి ఇంజనును నడిపించిరట. బండి దారిలో నిలిచిపోయి, గుఱ్ఱములచే ఈడ్పించుకొని రావలసివచ్చినచో, నవ్వువారికి కొదువ యుండదు. కార్ల్ శ్రమయు, ఆమె కట్నమును నీటిపాలగును.

బండి నిలువకపోలేదు. ఇంజను వేడికి నీరు ఆవిరియై పోవుచుండుటచే, నూతి కడనో, వాగు కడనో, పూటకూళ్లయింటి కడనో పలుమారు ఆగి నీరు పోసిరి. విస్లోక్ అను ఊరు చేరుసరికి తైలము కావలసివచ్చెను. బట్టల మరకలు పోగొట్టుటకు మందుల దుకాణములలో లిగ్రాయిన్ అను తేలిక తైలము అమ్మెడివారు. బెర్తా ఆ ఊరి దుకాణమునకు పోయి దానినే కొని బండిలో పోయించెను.

ఒకచోట తైలము వచ్చు సన్నని గొట్టములో మురికి అడ్డుపడి ఇంజను ఆగెను. ఆమె తన టోపీకి గ్రుచ్చిన పొడవైన సూదిని తీసి గొట్టమును పొడిచి శుభ్రపరచెను. వేరొకచోట నిప్పురవ్వ పుట్టించు విద్యుత్తు తీగపై తొడుగు అరిగిపోయెను. మేజోడు జారకుండ కట్టుకొనిన పట్టీని విప్పి దానికి చుట్టెను. ప్రతిసారియు పిల్లలు చక్రము త్రిప్పుట, బండి కదలుట, మరల ప్రయాణము.

బ్రూక్సాల్ వద్ద గొలుసు చెడెను. ఇది సూదితో తీరెడి పని కాదు. ఒక కమ్మరి దానిని బాగుచేసి యిచ్చెను. మోటారుబండి నెన్నడును ఎఱుగని కొలిమి అది. తరువాత కొండదారి. ఎక్కుడు వచ్చినచోట బండికి బలము చాలక, పిల్లలు దిగి త్రోయవలసివచ్చెను. దిగుడులలో మఱియొక భయము: ఒరసికొని ఒరసికొని బ్రేకు చెక్కలు అరిగిపోవుచుండెను. బౌష్లాట్ అను గ్రామమున ఆమె చెప్పులు కుట్టువానిచే ఆ చెక్కలపై తోలు ముక్కలు కొట్టించెను. బ్రేకులకు పైపూత వంటి పట్టీ వేయుట అదియే మొదలని చెప్పుదురు.

ప్రొద్దు గ్రుంకు వేళకు ఆ ముగ్గురును దుమ్ము కొట్టుకొనిపోయి ఫోర్జ్‌హైము చేరిరి. బెర్తా వెంటనే భర్తకు తంతి పంపెను. కొన్ని దినముల పిమ్మట అదే బండిపై తిరిగివచ్చెను. ఆమె తెచ్చిన కబుర్లలో కార్ల్‌కు మిక్కిలి పనికివచ్చినవి బండి లోపములే. ఎక్కుడులు ఎక్కుటకు మఱియొక గేరు కావలెనని ఆమె చెప్పగా ఆతడు దానిని అమర్చెను. ఆ సంవత్సరమే మ్యూనిచ్ నగర ప్రదర్శనమున ఆ బండికి బంగారు పతకము లభించెను. క్రమముగా కొనువారును వచ్చిరి.

కార్ల్ 1929లో మరణించెను. బెర్తా తొంబదియైదవ జన్మదినమున కార్ల్‌స్రూయె సాంకేతిక విద్యాపీఠము ఆమెకు గౌరవ సెనేటరు పదవి నొసగెను. ఆ తరువాత రెండు దినములకే, 1944 మే 5న, లాడెన్‌బుర్గులో ఆమె కన్నుమూసెను. మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు ఆమె పోయిన త్రోవను 2008లో ఆమె పేర స్మారక మార్గముగా గుర్తించిరి. అది విస్లోక్‌లోని ఆ మందుల దుకాణము మీదుగనే పోవును.