పోటీ లేని యుద్ధవిద్య: మొరిహెయి ఉయేషిబా

జపాను సైన్యములో చేరగోరి వచ్చిన ఆ యువకుని కొలబద్ద ప్రక్కన నిలువబెట్టి, ఎత్తు చాలలేదని అధికారులు త్రిప్పి పంపివేసిరి. తక్కువైనది అర అంగుళము మాత్రమే. సిగ్గుతో ఇల్లు చేరిన యువకుడు కాళ్లకు బరువులు కట్టుకొని చెట్టుకొమ్మలు పట్టి వ్రేలాడెననియు, అట్లు దేహమును సాగదీసి మరల పరీక్షకు నిలిచెననియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. 1903లో సైన్యము ఆయనను చేర్చుకొనెను. పిమ్మట ఐకిడో విద్యకు మూలపురుషుడైన మొరిహెయి ఉయేషిబాకు యౌవనమున ఉన్న కోరిక బలము ఒక్కటే. ఆ బలము చాలదని తెలిసికొనుటకు మరి ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను.

ఆయన 1883 డిసెంబరు 14వ తేదీన, కీయి ద్వీపకల్పమున సముద్రపు టొడ్డుననున్న తనబే పట్టణములో జన్మించెను. తండ్రి యొరోకు భూస్వామి, స్థానిక సభలో సభ్యుడు. బాలుడు బక్కపలుచనివాడు, తరచు జబ్బుపడువాడు. రాజకీయ ప్రత్యర్థులు పంపిన మనుష్యులు తండ్రిని కొట్టుట కన్నులార చూచి, బలవంతుడు కావలెనని ఆనాడే నిశ్చయించుకొనెనందురు. 1901లో టోక్యో చేరి కాగితములు, కలములు అమ్ము దుకాణము పెట్టెను గాని, బెరిబెరి వ్యాధి సోకగా ఇంటిదారి పట్టెను. రష్యాతో జరిగిన యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమును వీడెను.

1912లో ప్రభుత్వము ఉత్తరమున హొక్కైదో ద్వీపములోని బీడుభూములను సేద్యమునకు తెచ్చుటకై జనులను పిలుచుచుండెను. ఉయేషిబా తన సీమలోని 54 కుటుంబములకు నాయకుడై షిరతాకి అను చోట అడవి కొట్టి ఊరు నిలిపెను. మొదటి యేండ్లలో పంటలు పండలేదు. 1917లో ఊరు అగ్నికి ఆహుతి కాగా మరల కట్టుకొనిరి. అక్కడనే 1915లో ఆయనకు గురువు దొరకెను. ఆ గురువు, సొకాకు తకేదా, ఐదడుగుల ఎత్తైనను లేని ప్రచండుడు; పూర్వపు సమురాయి వంశమువాడు; దైతో-ర్యూ అను జుజుత్సు విద్యలో అసమానుడు. ఒక్కొక్క పట్టు నేర్పుటకు రుసుము పుచ్చుకొనువాడు. ఉయేషిబా ఆయనకు వంట చేసి పెట్టెను, స్నానమునకు నీరు కాచెను, తుదకు తన యింటినే ఇచ్చివేసెను.

తండ్రి మరణశయ్యపై ఉన్నాడని 1919లో కబురు రాగా ఇంటికి బయలుదేరి, నడుమ అయాబే పట్టణమున ఒమోతో అను నూతన మతమునకు పెద్దయైన ఒనిసాబురో దెగూచిని దర్శించుటకై ఆగెను. ఇల్లు చేరునప్పటికి తండ్రి గతించెను. 1920లోనే చిన్న కుమారు లిద్దరు వ్యాధితో మరణించిరి. శోకముతో క్రుంగిన ఆ మనిషి భార్య హత్సుతో అయాబే చేరి, అక్కడ చిన్న దోజో, అనగా అభ్యాసశాల, తెరచెను. 1924లో ఒనిసాబురో వెంట మంగోలియాకు పోయి చీనా సైనికులకు చిక్కి, సంకెళ్లతో వధ్యస్థలము వరకు నడిచెను. జపాను కాన్సులు కల్పించుకొనుటచే ప్రాణములు దక్కెను.

మరుసటి యేట నౌకాదళాధికారి యొకడు కొయ్యకత్తితో ఆయనపై పడెను. ఉయేషిబా చేత ఏ ఆయుధమును లేదు. వచ్చిన ప్రతి వ్రేటునుండియు తప్పుకొనెనే గాని తాను ఒక్క దెబ్బయు కొట్టలేదు. అధికారియే అలసి కూలబడెను. పిమ్మట బావియొద్ద చెమట కడుగుకొనుచుండగా నేలయెల్ల బంగారు కాంతితో నిండినట్లు తోచెననియు, యుద్ధవిద్యకు సారము ఎదిరిని గెలుచుట కాదు, సర్వజీవుల యెడ ప్రేమయని నాడు గ్రహించితిననియు ఆయన తరువాత చెప్పుకొనెను.

ఈ మాటలోని భావము తెలియవలెనన్న ఐకిడో అభ్యాసము చూడవలెను. ఆ పేరులో 'ఐ' అనగా కూడిక, 'కి' అనగా ప్రాణశక్తి, 'దో' అనగా మార్గము. పేరు గంభీరమేగాని అభ్యాసము అతి సామాన్యముగ మొదలగును. చాపలపై ఇద్దరు నిలుతురు. ఒకడు రెండవవాని మణికట్టు బిగియబట్టును. క్రొత్తవాడు చేయి వెనుకకు లాగును. లాగినకొలది పట్టు మరింత బిగియును. నేర్చినవాడు చేతిని అచ్చటనే వదలి, అడుగు వేసి, పట్టినవాని ప్రక్కకు తిరిగి, వాడు చూచు దిక్కునకే తానును చూచును. త్రోయుటకు ఎదుట ఎవడును లేనందున పట్టినవాడు తన బలముతో తానే తూలును. తరగతిలో ఎదురుతిరిగిన బాలునిపై గొంతు పెంచిన ఉపాధ్యాయునకు ఆ పట్టు బిగియు విధము వేరుగ చెప్పనక్కరలేదు.

నాలుగు మారులు పడవేసినవాడు వెంటనే నాలుగు మారులు తాను పడవలెను. కావున మొదట నేర్పునది దెబ్బ తగులకుండ పడుట. ఇది మెత్తదనము కాదు. అవే పట్లు కొంచెము మించిన కీళ్లు విరుగును. విరువగల స్థితిలో ఆగుటయే ఇందు కష్టమైన పాఠము. పోటీలు పెట్టిన ఈ పాఠము పోవునని ఉయేషిబా పట్టుపట్టెను. వసేదా విశ్వవిద్యాలయమున ఆయన శిష్యుడు కెంజి తొమికి పోటీలు ప్రవేశపెట్టగా గురువు సమ్మతింపలేదు.

అయితే 1925లోనే ఆయన శాంతిమూర్తి అయ్యెననుట సత్యమునకు దూరము. 1927లో టోక్యో చేరిన పిమ్మట సైనిక విద్యాలయములందును, గూఢచారులకు శిక్షణ నిచ్చు నకానో పాఠశాలయందును ఆయన బోధించెను. ప్రేమయే సారమని తెలిసినవాడు యుద్ధమునకు పోవువారికి పట్లు నేర్పుచుండెను. దీనిని కప్పిపుచ్చుట ఆయనకు గౌరవము కాదు. 1942లో, యుద్ధము ఉధృతముగ నున్నప్పుడే, అనారోగ్యము చెప్పి పదవులన్నియు వదలి ఇవామా పల్లెకు తరలిపోయి సేద్యము చేసికొనెను. ఐకిడో అను పేరు అధికారికముగ నమోదైనదియు ఆ యేడే.

టోక్యోలోని దోజోను బాంబుల మంటలనుండి కాపాడినవాడు కుమారుడు కిస్షోమారు. ఇండ్లు కాలిన కుటుంబములు అందులో తలదాచుకొనెను. 1948లో ఐకికై సంస్థకు ప్రభుత్వము అనుమతి నొసగెను. వృద్ధుడైన ఉయేషిబా చాపపైకి వచ్చి, వేగముగ ఒక పట్టు చూపి, షింటో దేవతలను గూర్చి దీర్ఘముగ ప్రసంగించువాడు. శిష్యులలో పెక్కురకు ఆ ప్రసంగము అర్థమయ్యెడిది కాదు. పట్టు మాత్రము దేహములకు అర్థమయ్యెను. 1961లో హవాయి దీవులకు పోయినప్పుడు భాష తెలియనివారును దానిని నేర్చుకొనిరి.

1969 ఏప్రిల్ 26వ తేదీన, తన 86వ యేట, ఆయన కన్నుమూసెను. అడవి కొట్టిన నాటినుండి తోడునడచిన హత్సు రెండు నెలలలోనే ఆయనను అనుసరించెను. ఆయన అస్థికలు తనబేలోని కోజాన్‌జి ఆలయమున ఉన్నవి.