ఉత్తరానికి మర్యాద నేర్పిన జాన్ పోస్టెల్



ఫీజు రసీదు, పేరెంట్స్ మీటింగ్ కబురు, పరీక్షల టైమ్‌టేబుల్... ఇలాంటి మెయిల్స్ నెల తిరిగేసరికి మీ ఫోన్‌లోకి ఎన్నో వస్తుంటాయి. అన్నిటినీ ఆఫీసులో ఎవరో కూర్చుని ఒక్కొక్కటిగా టైప్ చేసి పంపుతారని అనుకుంటాం. చాలా ఆఫీసుల్లో ఆ పని చేసేది ఒక చిన్న ప్రోగ్రామ్. మౌస్‌తో పని లేకుండా, అక్షరాలు మాత్రమే కనిపించే తెర మీద ఒక్క వరుస ఆదేశం టైప్ చేస్తే చాలు. దీన్నే కమాండ్ లైన్ అంటారు. ప్రోగ్రామ్ పేర్ల పట్టిక తెరిచి, ఒక్కో వరుస చదివి, ఒక్కో ఉత్తరం తయారుచేసి మెయిల్ సర్వర్‌కు అప్పగిస్తుంది. యూనిక్స్ తరహా కంప్యూటర్లలో క్రాన్ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. రోజూ సాయంత్రం 5 గంటలకు ఫలానా ఆదేశం నడపాలని ఒకసారి రాసిపెడితే, ఇక ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

మరి మన సర్వర్, ఆ ఉత్తరం అందుకోవలసిన అవతలి సర్వర్ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి? అవి వేర్వేరు కంపెనీలవి కావచ్చు, వేర్వేరు దేశాల్లో ఉండవచ్చు. అయినా రెండూ ఒకే పద్ధతిలో పలకరించుకుంటాయి. ఆ పద్ధతిని 1982లో పద్దుగా రాసిపెట్టిన మనిషి జాన్ పోస్టెల్. ఈ నెల మనం తెలుసుకోబోయే జీవితం ఆయనదే.

సాదాసీదా మార్కుల కుర్రాడు

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టాడు. లాస్ ఏంజిలస్ నగరంలోని వాన్ నైస్ హైస్కూల్లో చదివాడు. తర్వాతి కాలంలో ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరు తెచ్చుకున్న వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ స్కూల్లో చదివినవాళ్లే.

స్కూల్లో పోస్టెల్ మార్కులు చెప్పుకోదగ్గవి కావు. హైస్కూల్ అయ్యాక పేరున్న యూనివర్సిటీకి కాకుండా దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి వెళ్లాడు. అక్కడే కంప్యూటర్ పరిచయమైంది. ఆ పరిచయం ఆయన దారిని మార్చింది. తర్వాత లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1966లో ఇంజినీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్, 1974లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ అందుకున్నాడు.

అక్కడ చదువుతున్న రోజుల్లోనే, 1969లో, ఆ విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాల ఆర్పానెట్‌కు తొలి కేంద్రం అయింది. ఇంటర్నెట్‌కు తల్లివేరు లాంటి నెట్‌వర్క్ అది. దాని మీద పనిచేసిన విద్యార్థి బృందంలో పోస్టెల్ ఒకడు.

లెక్క రాసే పని ఎవరిది?

ఆ విద్యార్థులు తమ ఆలోచనలను చిన్న చిన్న పత్రాలుగా రాసి అందరికీ పంచుకునేవారు. వాటికి ఆర్‌ఎఫ్‌సీ అని పేరు పెట్టారు. అభిప్రాయాలు చెప్పమని అడగడమే ఆ పేరులోని అర్థం. తామింకా విద్యార్థులమే కాబట్టి ఆదేశాలు ఇస్తున్నట్లు ఉండకూడదని, సలహా అడుగుతున్నట్లు ఉండాలని వారి ఉద్దేశం. మొదటి పత్రాన్ని స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్‌లో రాశాడు. ఆ పత్రాలకు సంపాదకుడిగా ఉండే బాధ్యతను పోస్టెల్ తీసుకున్నాడు. తప్పులు దిద్దడం, నంబరు వేయడం, అందరికీ అందేలా చూడడం ఆ పని. సుమారు 30 ఏళ్లపాటు, చనిపోయేదాకా, ఆయన దాన్ని వదల్లేదు. స్వయంగా రాసిన పత్రాలే 200కు పైగా ఉన్నాయి.

ఇంకో పని కూడా ఉండేది. నెట్‌వర్క్‌లో ఏ సేవకు ఏ నంబరు అనేది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. లేకపోతే ఇద్దరు ఒకే నంబరు వాడుకుని గొడవ అవుతుంది. 1972లో పోస్టెల్ ఒక పత్రం రాస్తూ, ఈ లెక్క చూసుకునేందుకు ఒకరు ఉండాలని ప్రతిపాదించాడు. ఆ ఒకరు తానే కావచ్చేమోనని ప్రశ్నార్థకం పెట్టి మరీ సూచించాడు. ఎవరూ కాదనలేదు. అలా మొదలైన ఆ చిన్న లెక్కే తర్వాత ఐయానా అనే సంస్థగా ఎదిగింది. దేశాలకు ఇచ్చే చివరి పేర్ల పట్టిక కూడా పోస్టెల్ చూసిన పనుల్లోకి వచ్చింది. మన దేశానికి చెందిన చుక్క ఐఎన్ ఆ పట్టికలోకి ఎక్కింది 1989లో.

హోదా ఇచ్చే పని కాదది. చేస్తున్నంతకాలం ఎవరికీ కనిపించదు, ఒక్కరోజు ఆపితే అందరికీ తెలుస్తుంది. ఇంట్లో అమ్మ చేసే పని లాంటిదే.

ఉత్తరానికి మర్యాద

కొన్నిచోట్ల పనిచేశాక 1977లో పోస్టెల్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. చివరిదాకా అక్కడే ఉన్నాడు. అప్పటికే ఆర్పానెట్‌లో మెయిల్ ఉంది. అయితే అది ఫైళ్లు పంపే పద్ధతి మీద ఆధారపడి నడిచేది. మెయిల్‌కంటూ సొంత పద్ధతి కావాలని 1980 నుంచి వరుసగా ముసాయిదాలు రాసి, 1982 ఆగస్టులో 821వ నంబరు పత్రంగా పోస్టెల్ ఒక పద్ధతిని ప్రకటించాడు. ఎస్‌ఎంటీపీ అని మనం వినే పేరు దానిదే. అందులో మొదటి అక్షరానికి అర్థం సరళమైనది అని.

ఆ సంభాషణ నిజంగానే సరళం. పంపే కంప్యూటర్ ముందుగా హెలో అని పలకరించి తన పేరు చెబుతుంది. తర్వాత ఉత్తరం ఎవరి నుంచో చెబుతుంది. ఆ తర్వాత ఎవరికో చెబుతుంది. అప్పుడు ఉత్తరం మొదలుపెట్టనా అని అడుగుతుంది. అవతలివారు సరేనన్నాకే ఉత్తరం పంపుతుంది. అయిపోయిందనడానికి ఒక వరుసలో ఒకే ఒక్క చుక్క పెడుతుంది. చివరికి సెలవు తీసుకుంటుంది. ఒకరింటికి వెళ్లినప్పుడు మన పిల్లలకు నేర్పే పద్ధతీ ఇదే కదా. ముందు పలకరింపు, తర్వాత వచ్చిన పని, చివరికి వెళ్లొస్తామని చెప్పడం.

ఇక్కడ ఒక తెలివైన పిల్ల అడగవచ్చు: ఉత్తరంలోనే ఒక వరుసలో చుక్క మాత్రమే ఉంటే ఏమవుతుంది? అక్కడితో అయిపోయిందని అవతలి కంప్యూటర్ పొరబడదా? పోస్టెల్ ఆ సంగతీ చూసుకున్నాడు. చుక్కతో మొదలయ్యే ప్రతి వరుసకూ పంపేవారు ముందు ఇంకో చుక్క కలుపుతారు, అందుకునేవారు దాన్ని తీసేస్తారు. చదివేవారికి ఈ సంగతే తెలియదు.

ఆ పత్రంలో పోస్టెల్ ఇచ్చిన ఒక ఉదాహరణ చూడండి. స్మిత్ అనే వ్యక్తి ఒకే ఉత్తరాన్ని జోన్స్, గ్రీన్, బ్రౌన్ అనే ముగ్గురికి పంపుతాడు. ముగ్గురిదీ ఒకే కంప్యూటర్. జోన్స్ ఉన్నాడని అవతలి నుంచి జవాబు వస్తుంది. గ్రీన్ అనేవారు ఇక్కడ లేరని జవాబు వస్తుంది. బ్రౌన్ ఉన్నాడని వస్తుంది. గ్రీన్ లేడని మిగతా ఇద్దరి ఉత్తరం ఆగిపోదు. గ్రీన్ సంగతి మాత్రం పంపినవారికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఉత్తరాన్ని మూడుసార్లు పంపనక్కర్లేదు, ఒక్కసారి పంపితే చాలు.

4కూ 5కూ ఉన్న తేడా

ప్రతి జవాబుకూ మూడంకెల సంఖ్య ఉంటుంది. 2తో మొదలైతే పని అయినట్లు. 3తో మొదలైతే ఇంతవరకు సరే, మిగతాది పంపమని. 4తో మొదలైతే ఇప్పుడు కుదరలేదు, కాసేపాగి మళ్లీ రమ్మని. 5తో మొదలైతే ఇదే పద్ధతిలో మళ్లీ వచ్చినా లాభం లేదు, ఏదో ఒకటి మార్చుకోమని. గ్రీన్ విషయంలో వచ్చిన జవాబు 550.

ఆటోమేటిక్‌గా మెయిల్స్ పంపే ఏ ఆఫీసుకైనా ఈ తేడా ప్రాణం లాంటిది. 4 వస్తే ప్రోగ్రామ్ ఉత్తరాన్ని పారేయదు, దాచిపెట్టి మళ్లీ ప్రయత్నిస్తుంది. 5 వస్తే మళ్లీ మళ్లీ తలుపు కొట్టదు, చిరునామా సరిచూసుకోమని మనిషికి చెబుతుంది. 4ను 5 అనుకుంటే అందవలసిన ఉత్తరం అందదు. 5ను 4 అనుకుంటే లేని ఇంటి తలుపు రోజంతా కొడుతూ ఉంటుంది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. ప్రోగ్రెస్ కార్డు చూసినప్పుడు మనం ఏ అంకె చదువుతున్నాం? యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే అది చాలావరకు 4. ఇప్పుడు కుదరలేదు, మళ్లీ ప్రయత్నించాలి, అంతే. మనం మాత్రం దాన్ని 5గా చదివి, వీడికి లెక్కలు రావని తీర్పు చెప్పేస్తాం. నిజంగానే 5 అయితే కూడా తలుపు మూసినట్లు కాదు, చదివే పద్ధతి మార్చి చూడమని. పదిహేడేళ్ల పోస్టెల్ మార్కులు చూసి ఎవరైనా 5 వేసి ఉంటే, ఈ రోజు మన మెయిల్ ఏ దారిన వచ్చేదో!

నమ్మకం తెచ్చిన చిక్కు

పోస్టెల్ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఉత్తరం ఎవరి నుంచో పంపేవారే చెబుతారు, అది నిజమో కాదో అవతలివారు తనిఖీ చేయరు. 1982లో ఆ నెట్‌వర్క్ చిన్నది, వాడేవారు ఎక్కువగా పరిశోధకులు, కాబట్టి అది పెద్ద సమస్యగా అనిపించలేదు. నెట్‌వర్క్ ప్రపంచమంతా పాకాక ఆ నమ్మకాన్నే మోసగాళ్లు వాడుకున్నారు. తర్వాత వచ్చినవారు పంపినవారిని సరిచూసే పద్ధతులు ఒక్కొక్కటిగా చేర్చారు. అయినా ఈ రోజుకీ మెయిల్‌లో కనిపించే పేరును మాత్రమే చూసి డబ్బు కట్టడం మంచిది కాదు. ఫీజు కట్టమని కొత్త లింకుతో మెయిల్ వస్తే, ముందు ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.

1998

పంపేటప్పుడు నియమం తు.చ. తప్పకుండా పాటించాలి, అందుకునేటప్పుడు ఎదుటివారి చిన్న పొరపాట్లను ఓర్చుకోవాలి. నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌లు రాసేవారికి పోస్టెల్ ఇచ్చిన సలహా సారాంశం ఇది. పిల్లలకూ పెద్దలకూ కూడా సరిపోయే మాటే.

పొడవాటి గడ్డంతో, కాళ్లకు చెప్పులతో తిరిగే ఆ మనిషి భుజాల మీదే నెట్‌వర్క్ పేర్లు, నంబర్ల బాధ్యత చాలాకాలం నిలిచింది. ఇంటర్నెట్ వ్యాపారంగా మారాక ఆ బాధ్యత ఎవరి చేతిలో ఉండాలన్న తగవు పెరిగింది. 1998 జనవరిలో, ఇంటర్నెట్ పేర్ల మూల పట్టికను నడిపే సర్వర్లలో కొన్నిటిని తన సర్వర్ వైపు తిప్పమని పోస్టెల్ కోరాడు. వాటిని నడిపేవారు మారు మాట్లాడకుండా తిప్పారు. ఆయన మీద వారి నమ్మకం అలాంటిది. అమెరికా ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజుల్లోనే మళ్లీ పాత పద్ధతికి మార్చారు. ఒక్క మనిషి మీద ఇంత ఆధారపడటం సరికాదన్న సంగతి ఆ ఘటనతో అందరికీ అర్థమైంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. దాని ఏర్పాటుకు పోస్టెల్ కూడా ఎంతో శ్రమించాడు.

ఆ సంస్థ పని మొదలుపెట్టడాన్ని ఆయన చూడలేకపోయాడు. గుండె శస్త్రచికిత్స తర్వాత 1998 అక్టోబర్ 16న లాస్ ఏంజిలస్‌లో కన్నుమూశాడు. అప్పటికి వయసు 55. మర్నాటి తేదీతో వింట్ సెర్ఫ్ రాసిన నివాళి 2468వ ఆర్‌ఎఫ్‌సీగా వెలువడింది. సుమారు 30 ఏళ్లు ఆయన నంబర్లు వేసిన ఆ వరుసలోనే ఆయన వీడ్కోలు కూడా ఒక నంబరుగా నిలిచింది.

ఈ నెల ఇంట్లో

పిల్లలతో ఒక ఆట ఆడండి. ఒకరు పంపే కంప్యూటర్, ఒకరు అందుకునే కంప్యూటర్. పలకరించి, ఎవరి నుంచి, ఎవరికి అని చెప్పి, అనుమతి అడిగి, కాగితం మీద రాసిన ఉత్తరం చదివి, చుక్క పెట్టి, సెలవు తీసుకోవాలి. అందుకునేవారు ప్రతిసారీ 2, 3, 4, 5లలో తగిన అంకె చెప్పాలి. పేరు తప్పు చెబితే 5 వేయడం మరవకండి.

అలాగే మీ మెయిల్ చిరునామా మారి ఉంటే ఆఫీసులో తెలియజేయండి. లేకపోతే ఈ నెల మా ఉత్తరానికి వచ్చే జవాబు 550.