మంచం మీద పూసిన తోట

జబ్బు పడి లేచిన వాళ్ళను చూడడానికి వెళితే మనం మొట్టమొదట అడిగేది, మళ్ళీ మునుపటి మనిషి అయ్యారా అని. అంటే, పోయినదంతా తిరిగి వస్తేనే ఆరోగ్యమని మన లెక్క. కాని కొన్ని జబ్బులు ఈ లెక్కకు లొంగవు. ప్రాణం ఒక్కటి వదిలిపెట్టి, పట్టుకుపోవలసినవి పట్టుకునే పోతాయి. ఆ తరువాత మిగిలిన మనిషి ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు కత్తెరతో, రంగు కాగితాలతో జవాబు చెప్పినవాడు ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళ గురించి మాట్లాడేటప్పుడు పికాసో పక్కన చెప్పుకోవలసిన పేరు అది. ఆయన జీవితంలో రెండు పెద్ద జబ్బులున్నాయి. మొదటిది ఆయన్ని చిత్రకారుణ్ణి చేసింది. రెండవది ఆ చిత్రకారుడికి మరో జన్మ ఇచ్చింది.

మాటిస్ 1869 డిసెంబరు 31న ఉత్తర ఫ్రాన్సులోని లె కాటో అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి విత్తనాల వ్యాపారి. తల్లికి రంగులంటే ఇష్టం, పింగాణీ మీద బొమ్మలు వేసేది. కొడుకు నాలుగు రాళ్ళు వచ్చే వృత్తిలో స్థిరపడాలని తండ్రి కోరిక. అందుకని పారిస్ పంపి న్యాయశాస్త్రం చదివించాడు. కుర్రవాడు పరీక్ష ప్యాసయి, సెయింట్ క్వెంటిన్ పట్టణంలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరాడు. మనలో ఎంతమందిమి ఇంట్లోవాళ్ళు చెప్పిన కోర్సులో చేరలేదు గనక! ఆయన పరిస్థితి అర్థం చేసుకోవడం మనకేమంత కష్టం కాదు.

ఇరవై ఏళ్ళ వయసులో అపెండిసైటిస్ వచ్చి మంచాన పడ్డాడు. ఆ రోజుల్లో అది చిన్న జబ్బు కాదు. నెలల తరబడి ఇంటిపట్టున పడి ఉండవలసి వచ్చింది. పొద్దుపోక అవస్థ పడుతున్న కొడుకు చేతికి తల్లి ఒక రంగుల పెట్టె కొనిచ్చింది. ఆ పెట్టె తెరిచిన క్షణం నుంచి తన దారి ఏదో తనకు తెలిసిపోయిందని మాటిస్ తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడు. 1891లో ప్లీడరు కొలువు వదిలి చిత్రకళ నేర్చుకోవడానికి పారిస్ చేరాడు. తండ్రి మనసు ఎంత కష్టపడిందో వేరే చెప్పాలా!

ఆ తరువాత యాభై ఏళ్ళు పని, పని, పని. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, డబ్బు లేదు. భార్య అమెలీ టోపీల కొట్టు పెట్టి కుటుంబాన్ని నెట్టుకొచ్చింది. 1905లో పారిస్ ప్రదర్శనలో ఆయన, ఆయన మిత్రులు పెట్టిన చిత్రాల్లోని మండే రంగులు చూసి ఒక విమర్శకుడు వాళ్ళను క్రూరమృగాలన్నాడు. వెక్కిరింతగా పెట్టిన ఆ పేరే ఒక ఉద్యమానికి పేరయి కూర్చుంది. క్రమంగా కీర్తి వచ్చింది, ధనమూ వచ్చింది. 1917 నుంచి దక్షిణ సముద్రతీరంలోని నీస్ నగరం ఆయన నివాసమయింది.

కాని 1940 నాటికి చుట్టూ చీకటే. 1939లో భార్యాభర్తలు విడిపోయారు. ఫ్రాన్సు జర్మన్ సైన్యాల చేత చిక్కింది. బ్రెజిల్ వెళ్ళిపోవడానికి అనుమతి చేతిలో ఉండి కూడా మాటిస్ దేశం విడిచి వెళ్ళలేదు. ఆ సమయంలోనే కడుపునొప్పి ముదిరింది. పేగు కాన్సర్ అని తేలింది. 1941 జనవరిలో లియాన్ నగరంలో ఆపరేషన్ చేశారు. అప్పటికాయనకు 71 ఏళ్ళు. ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చింది. ఇక ఆశ లేదనుకున్నారంతా. డాక్టర్లను ఆయన కోరింది ఒక్కటే. మొదలుపెట్టిన పని ముగించుకోవడానికి మూడు నాలుగేళ్ళు చాలునన్నాడు. బతికాడు. సేవ చేసిన సన్యాసినులు ఆయనకు చచ్చి లేచినవాడని ముద్దుపేరు పెట్టారు.

బతకడమైతే బతికాడు గాని, పొట్ట కండరాలు దెబ్బతిన్నాయి. ఎక్కువసేపు నిలబడలేడు. రోజులో చాలా భాగం మంచం మీద, లేకపోతే చక్రాల కుర్చీలో. ఈజిల్ ముందు గంటల తరబడి నిలబడి పని చేసిన మనిషికి ఇది చిన్న శిక్షా? అయినా ఆ రోజుల్లో ఆయన మిత్రులకు రాసిన ఉత్తరాలలో ఏడుపు లేదు. ఇది తన రెండవ జీవితమనీ, లెక్కలో లేని కానుక అనీ ఆయన భావించాడు. మొదటి జీవితంలో లోకం ఏమంటుందో, కొన్నవాడు ఏమంటాడో అన్న బెంగ ఉండేది. ఇప్పుడు ఆ బెంగ పోయింది. వచ్చిన ప్రతి ఉదయమూ లాభమే.

కుంచె పట్టి పెద్ద గుడ్డ ముందు నిలబడలేనప్పుడు ఏం చెయ్యాలి? కత్తెర పట్టుకున్నాడు. సహాయకులు తెల్ల కాగితాలకు గ్వాష్ అనే నీటిరంగు దట్టంగా పూసి ఆరబెట్టేవారు. ఆయన కూర్చున్నచోటే గీత కూడా గియ్యకుండా ఆకులు, చేపలు, పక్షులు, మనుషులు కత్తిరించేవాడు. ఆ ముక్కల్ని రష్యా నుంచి వచ్చిన లిడియా డెలెక్టోర్‌స్కయా, మిగిలిన సహాయకులు ఆయన చెప్పినచోట గుండుసూదులతో గోడకు గుచ్చేవారు. కొంచెం పైకి, కాదు కాదు, కాస్త ఎడమకి - ఇలా రోజుల తరబడి సాగేది. 1930ల్లో ఒక పెద్ద కుడ్యచిత్రానికి కొలతలు కుదుర్చుకోవడానికి కాగితం ముక్కలు వాడిన అనుభవం ఆయనకుంది. అప్పుడు పనిముట్టుగా ఉన్నదే ఇప్పుడు కళ అయింది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. దేశం కాలిపోతుంటే ముసలాయన రంగు కాగితాలతో ఆడుకుంటున్నాడా అని. న్యాయమైన సందేహమే. 1944లో ఆయన భార్య అమెలీని, కూతురు మార్గరీట్‌ను ప్రతిఘటనోద్యమానికి సహాయం చేశారని జర్మన్ రహస్య పోలీసులు పట్టుకుపోయారు. అమెలీకి జైలు. మార్గరీట్‌ను చిత్రహింసలు పెట్టి జర్మనీలోని శిబిరానికి రైలెక్కించారు. ఆమె దారిలో తప్పించుకుంది. వాళ్ళ కబురు తెలియని ఆ నెలల్లో ఈ తండ్రికి నిద్ర లేదు, పని తప్ప దిక్కు లేదు. ఆయన 1943లో మొదలుపెట్టి 1947లో ప్రచురించిన జాజ్ అనే పుస్తకం తెరచి చూడండి. ఇరవై చిత్రాలు. సర్కస్ ఉంది, విదూషకుడున్నాడు. ఎర్రకన్ను తోడేలూ ఉంది, శవయాత్రా ఉంది. మన సంపాతిలాగే సూర్యుడి దగ్గరకు ఎగిరి రెక్కలు పోగొట్టుకున్న గ్రీకు యువకుడు ఇకారస్ కూడా ఉన్నాడు. నీలాకాశంలో నల్లటి శరీరం, గుండె దగ్గర చిన్న ఎర్రచుక్క. చీకటిని చూడనివాడి ఆనందం కాదు అది. చూసి కూడా ఆ ఎర్రచుక్కను వదలని వాడిది.

1942లో రాత్రిపూట సేవ చేయడానికి మోనిక్ బూర్జ్వా అనే నర్సింగ్ విద్యార్థిని వచ్చింది. తరువాత ఆమె సన్యాసినుల మఠంలో చేరి సిస్టర్ జాక్ మరీ అయింది. వాంస్ అనే చిన్న ఊళ్ళో ఆ సన్యాసినులకు సరైన ప్రార్థనా మందిరం లేదు. మాటిస్ పెద్ద భక్తుడేమీ కాడు. అయినా 1947 నుంచి దాదాపు నాలుగేళ్ళు ఆ మందిరానికే అంకితమయ్యాడు. పొడుగాటి వెదురు కర్ర చివర బొగ్గు ముక్క కట్టి గోడల మీది బొమ్మలకు నమూనాలు గీశాడు. పసుపు, ఆకుపచ్చ, నీలం అద్దాల కిటికీలు కాగితం కత్తిరించి రూపొందించాడు. ఎండ పడితే ఆ రంగులు తెల్లని పాలరాతి నేల మీద పాకుతాయి. పికాసోకు ఈ మందిరం గొడవ నచ్చలేదు. మాటిస్ వినలేదు. 1951 జూన్‌లో ప్రతిష్ఠ జరిగిన రోజున ఆరోగ్యం బాగాలేక ఆయనే వెళ్ళలేకపోయాడు.

1952 వేసవిలో ఒకనాడు కాన్ పట్టణంలో ఈతకొలను చూడాలని బయలుదేరాడు. ఎండ భరించలేక వెనక్కి వచ్చాడు. అయితేనేం, తన కొలను తనే చేసుకుంటానని భోజనాల గది నాలుగు గోడల చుట్టూ నీలం కాగితంతో ఈతగాళ్ళను దూకించాడు. తోటలోకి వెళ్ళి తిరగలేడు గనక పడకగది గోడల నిండా ఆకులు, పళ్ళు, ఒక చిలుక పరిచి తోటనే గదిలోకి తెచ్చుకున్నాడు.

మూడు నాలుగేళ్ళు అడిగినవాడికి దాదాపు పధ్నాలుగేళ్ళు దొరికాయి. 1954 నవంబరు 3న నీస్‌లో 84వ ఏట కన్నుమూశాడు. 2014లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో ఈ కత్తెర చిత్రాలనే ప్రదర్శిస్తే 5 లక్షలకు పైగా జనం వచ్చి చూశారు. మంచానికి అతుక్కుపోయిన ఒక ముసలివాడు కత్తిరించిన కాగితాలవి!

జబ్బు మంచిదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. జబ్బు ఎవరికీ రాకూడదు. వచ్చి పోయిన తరువాత మాత్రం, పోయినదాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఒక పద్ధతి. ఉన్నది చేతిలోకి తీసుకోవడం మరొక పద్ధతి. పరీక్ష పోయినా, ఉద్యోగం రాకపోయినా, ఒంట్లో సత్తువ పోయినా మనముందున్న దారులు ఈ రెండే. ఇరవై ఏళ్ళప్పుడు మాటిస్ చేతిలో ఉన్నది రంగుల పెట్టె, డెబ్బై దాటాక ఉన్నది కత్తెర. మన చేతిలో ఏముందో ఒక్కసారి చూసుకుందాం.