పింఛను వయసులో సన్నబడిన బాంటింగ్ గారి కథ

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాసివ్వమని సంపాదకుల వారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. జీవితమంతా రిజిష్టర్లు, బిల్లులు, ఫైళ్లతో గడిపిన గుమాస్తాను. కనుక ఉపదేశం జోలికి పోకుండా ఒక పెద్దమనిషి కథ చెబుతాను. ఆయన లండన్ వాసి విలియం బాంటింగ్.

ఆయన కథ నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. 58వ ఏట రిటైరయ్యేనాటికి నా బరువు 68 కిలోలు. ఆ తర్వాత పొద్దున్నే టిఫిను, మధ్యాహ్నం భోజనం, కునుకు, సాయంత్రం టీవీ ముందు కారప్పూస, రాత్రి మళ్లీ భోజనం. కొన్నేళ్లలో 84కు చేరాను. మనవడి అక్షరాభ్యాసం నాడు వాణ్ణి ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చోలేక, కుర్చీ వేయించుకున్నాను. నలుగురిలో సిగ్గనిపించింది. వారం రోజులు మజ్జిగ, పండ్లతో గడిపి మూడు కిలోలు తగ్గాను. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు పెరిగాను. అప్పుడే మా అమ్మాయి బాంటింగ్ గారి చిన్న ఇంగ్లీషు పుస్తకం అచ్చు తీసి ఇచ్చింది.

బాంటింగ్ 1796లో పుట్టాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం ఆయన కుటుంబ వృత్తి. ఇంగ్లండు రాజకుటుంబానికి ఆ పని వారిదే. 1852లో వెల్లింగ్టన్ డ్యూకు అంత్యక్రియలు కూడా వారే జరిపించారు. బాంటింగ్ యాభై ఏళ్లు ఆ వ్యాపారంలో పనిచేసి విరమించుకున్నాడు. క్రమం, లెక్క, వేళ తప్పని మనిషి. తిండిపోతు కాదు, సోమరి అంతకన్నా కాదు. అయినా ముప్పై, నలభై ఏళ్ల మధ్య మొదలైన ఒళ్లు ఆగకుండా పెరిగింది.

తగ్గడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. వైద్యుడు వ్యాయామం చేయమంటే మంచి బరువైన పడవలో తెల్లవారుజామున రెండేసి గంటలు తెడ్డు వేశాడు. కండబలం వచ్చింది గాని ఆకలీ పెరిగింది, దానితో పాటు బరువూ పెరిగింది. చివరకు ఆ వైద్యుడే మానమన్నాడు. సముద్ర స్నానాలు, గుర్రపు స్వారీ, ఊరూరి ఖనిజ జలాలు, సీసాల కొద్దీ మందులు అన్నీ అయ్యాయి. టర్కీ ఆవిరి స్నానాలు నెలల తరబడి చేస్తే తగ్గింది 6 పౌండ్లు.

1862 ఆగస్టు నాటికి, 65 ఏళ్ల వయసులో, 5 అడుగుల 5 అంగుళాల ఆ మనిషి బరువు 202 పౌండ్లు, అంటే సుమారు 92 కిలోలు. వంగి బూట్ల తాడు కట్టుకోలేడు. మోకాళ్ల మీద భారం పడకుండా మెట్లు వెనక్కు తిరిగి దిగేవాడు. వీధిలో, బండ్లలో జనం వేసే వెక్కిరింపు మాటలకు నొచ్చుకుని సభలకు వెళ్లడమే తగ్గించాడు. ఈ మాట చదివినప్పుడు నాకు ఆ కుర్చీ గుర్తుకొచ్చింది.

చెవి సరిగా వినపడక ఆయన విలియం హార్వే అనే చెవి వైద్యుని దగ్గరకు వెళ్లాడు. రక్తప్రసరణ కనిపెట్టిన హార్వే వేరు, ఆయన 17వ శతాబ్దం వాడు. ఈ హార్వే పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విని, చక్కెర, పిండిపదార్థాల గురించి ఆలోచించినవాడు. చెవి బాధకు మూలం స్థూలకాయమేనని చెప్పి, రోజూ తింటున్నవాటిలో రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానమన్నాడు. బాంటింగ్‌కు అదివరకు అవే ముఖ్యమైన తిండి. కొత్త పద్ధతిలో మాంసం, చేపలు, కూరగాయలు, కొద్దిగా పండ్లు, పాలూ చక్కెరా లేని టీ. రొట్టె పూటకు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. పస్తు మాత్రం లేదు, నాలుగు పూటలా తిన్నాడు.

ఇక్కడే ఆయనలోని లెక్కల మనిషి బయటపడతాడు. ఇంచుమించు మూడు వారాలకొకసారి తూకం వేసుకుని రాసుకున్నాడు. సెప్టెంబరు 7న 200, నెలాఖరుకు 197, అక్టోబరులో 193, డిసెంబరు 24న 184. ఒక్కో విడతకు తగ్గింది ఎక్కువగా రెండు, మూడు పౌండ్లే. 1863 సెప్టెంబరుకు 156 పౌండ్లు. ఏడాదిలో 46 పౌండ్లు, సుమారు 21 కిలోలు. వారానికి చూస్తే 400 గ్రాములు! నడుము కొలత పన్నెండు అంగుళాలకు పైగా తగ్గింది. మెట్లు మామూలుగా దిగాడు, బూట్లు తానే కట్టుకున్నాడు.

తనలా బాధపడేవారి కోసం 1863లో చిన్న పుస్తకం అచ్చు వేయించి మొదట ఉచితంగా పంచాడు. ఆ తర్వాత వేలకొద్దీ అమ్ముడుపోయింది. కొందరు వైద్యులు ఆక్షేపించారు, పత్రికలు వేళాకోళం చేశాయి. ఆయన పేరు మాత్రం భాషలోకి ఎక్కింది. స్వీడన్‌లో సన్నబడటానికి పథ్యం చేయడాన్ని నేటికీ ఆయన పేరు మీదుగా వచ్చిన మాటతోనే పిలుస్తారు. ఆయన 1878లో 81వ ఏట కన్నుమూశాడు.

బాంటింగ్ భోజనాన్ని మనం అనుకరించనక్కరలేదు. అందులో మాంసం ఎక్కువ, మద్యం కూడా ఉంది. నేర్చుకోవలసింది ఆయన ఓపిక. ముప్పై ఏళ్లలో పేరుకున్న బాకీని ముప్పై రోజుల్లో తీర్చాలనుకోలేదు. శరీరం ఖర్చు చేసేదానికన్నా కాస్త తక్కువ జమ వేస్తూ, ఆ పద్ధతిని అలవాటుగా చేసుకున్నాడు.

నేను అన్నం సగం తగ్గించి కూర, పప్పు పెంచాను. టీలో చక్కెర మానాను. రాత్రి భోజనం ఎనిమిది లోపే. ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున నడక. ఆదివారం తూకం చూసి డైరీలో రాస్తాను. పెళ్లిళ్లలో లడ్డూ తిన్నాను, దాచను. మర్నాటి నుంచి మళ్లీ పద్ధతే. 84 నుంచి 73కు రావడానికి పదునాలుగు నెలలు పట్టింది.

ఒక హెచ్చరిక. మన వయసులో వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగి నీరసం వస్తుంది. చక్కెర జబ్బుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గించే ముందు తమ డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి. లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదముంది. ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు తగ్గుతుంటే సంతోషించకుండా పరీక్ష చేయించుకోవాలి.

నిరుడు మనవరాలి అక్షరాభ్యాసం జరిగింది. ఈసారి కుర్చీ వేయించలేదు. పీట మీదే కూర్చుని, పాపను ఒళ్లో పెట్టుకుని పళ్లెంలో బియ్యం మీద ఓనమాలు దిద్దించాను.