ఫారడే కడియము

పాతకాలపు వాల్వు మైకుసెట్టులోని ట్రాన్స్‌ఫార్మరుకు మూలపురుషుడు మైకేల్ ఫారడే. ఆయన 1791లో ఇంగ్లండున పేద కమ్మరి యింట జన్మించెను. పుస్తకములకు అట్టలు కట్టుచు, వానినే చదివి శాస్త్రజ్ఞుడాయెను. 1831 ఆగస్టు 29న ఇనుప కడియమునకు రెండు రాగితీగ చుట్టలు చుట్టెను. ఒకదానిలో విద్యుత్తును కలిపినపుడును, త్రెంచినపుడును రెండవదానిలో క్షణకాలము విద్యుత్తు పుట్టెను.

వాల్వులు ప్రియముగా నున్ననాళ్లలో ఆ కడియపు సంతతియే వోల్టేజిని పెంచి, ధ్వనిని వాల్వునుండి వాల్వున కందించెను. వాల్వులు చౌకయైన పిదప తయారీదారులు ఇనుము, రాగి ఖర్చునకు వెఱచి, అచ్చట రెసిస్టరును, కండెన్సరును నిలిపిరి. మైకునుండి వచ్చు సన్నని ధ్వనికి మాత్రము మేలైన సెట్లలో ట్రాన్స్‌ఫార్మరునే యుంచిరి.

ఫారడేయు లెక్క వేసికొనెను. పరిశ్రమలవలన రాదగు ధనమును విడిచి పరిశోధననే కోరుకొనెను. 1867లో కన్నుమూసెను. పలాస, టెక్కలి, ఉద్దానపు బడులలో ఆ ప్రయోగమునకు నేడును ఇనుపకడియము, రాగితీగ, బ్యాటరీ, గాల్వనోమీటరు చాలును.