సాన పట్టేవాడి కొడుకు

ఫస్టియర్‌లో మినీ డ్రాఫ్టర్ మోసుకుంటూ ఈడీ క్లాసుకి వెళ్ళిన వాళ్ళమంతా ఒకాయన్ని పేరు తెలియకుండానే తిట్టుకుని ఉంటాం. ఆయన గాస్పార్ మోంజ్. హెచ్‌పీ, వీపీ అనే రెండు తలాల మీద వస్తువు మొత్తాన్ని పట్టేసే పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టింది ఆయనే.

1746లో ఫ్రాన్స్‌లోని బోన్ ఊళ్ళో పుట్టాడు. తండ్రి చిన్న సరుకులమ్ముతూ కత్తులకి సాన పట్టేవాడు. కుర్రతనంలోనే సొంత పరికరాలు చేసుకుని తన ఊరి మ్యాప్ గీశాడు. అది చూసిన ఒక మిలిటరీ ఆఫీసర్ ఆయన్ని మెజియేర్ ఇంజనీరింగ్ స్కూల్‌కి పంపించాడు. ఆఫీసర్ల కోర్సుకి మాత్రం కాదు, అది గొప్పింటి పిల్లలకే. మనవాడికి దక్కింది డ్రాయింగులు గీసే పని.

ఒకసారి కోట ప్లాను ఒకటి వేయమన్నారు. శత్రువు బయట ఎక్కడ నుంచి చూసినా, కాల్చినా లోపలివాళ్ళు చిక్కకూడదు. దానికి అప్పట్లో ఒక్కో పాయింటుకీ లెక్కలు కట్టుకుంటూ పోవాలి, బోలెడు టైం. మోంజ్ గీసి తేల్చేశాడు. ఇంత త్వరగా అయ్యే పని కాదని పై అధికారి ముందు దాన్ని చూడనే లేదట! చూశాక మాత్రం పద్ధతిని మిలిటరీ రహస్యం చేసేశారు. నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. మనిషి క్లాసులోకి పనికిరాలేదు గానీ ఆయన బుర్ర మాత్రం కావాల్సొచ్చింది.

తర్వాత అక్కడే ప్రొఫెసరయ్యాడు. రహస్యం బయటపడింది విప్లవం వచ్చాకే. 1794లో పుట్టిన ఎకోల్ పాలిటెక్నిక్ వెనక ఆయన చెయ్యుంది. 1795లో ఎకోల్ నార్మల్‌లో అందరి ముందూ పాఠం చెప్పాడు. చేతిపనివాళ్ళకీ ఇది రావాలన్నది ఆయన పట్టుదల.

ఇప్పుడు ఈ శక్తిని కొలిచే టెస్టులున్నాయి. పర్డ్యూ రొటేషన్ టెస్టులో 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. బొమ్మని తిప్పితే ఎలా ఉంటుందో మనసులోనే చూడాలి. స్కోరు తక్కువొస్తే అది పుట్టుకతో వచ్చిన లోటేం కాదు. అమెరికాలో మిషిగన్ టెక్ ఫస్టియర్ వాళ్ళకి స్కెచింగ్ నేర్పితే స్కోర్లు పెరిగాయి.

నెపోలియన్ పడిపోయాక ఆయన స్నేహితుడైన మోంజ్‌నీ వదల్లేదు, 1816లో అకాడమీ నుంచి పేరు తీసేశారు. 1818లో చనిపోతే అంత్యక్రియలకి వెళ్ళడానికి పాలిటెక్నిక్ స్టూడెంట్లకి పర్మిషన్ ఇవ్వలేదు. తర్వాత సెలవు దొరగ్గానే వాళ్ళంతా కలిసి సమాధి దగ్గరికి నడిచెళ్ళి పూలు పెట్టొచ్చారు.