మన శాఖవారే – రాజా దీన్ దయాళ్ గారు

సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని మిత్రులు కోరగానే నాకు తోచిన పేరు రాజా దీన్ దయాళ్ గారిది. నిజాం ప్రభువు ఫోటోగ్రాఫరుగా ఆయన పేరు మనలో చాలామంది విన్నదే. అయితే ఆయన మొదట మనలాగే ప్రభుత్వోద్యోగి అనీ, పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాయింగులు గీసి, ఎస్టిమేట్లు వేసినవారనీ కొద్దిమందికే తెలుసు. నేను 1969లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ పనుల డ్రాయింగుల మీద చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి. పుట్టింది మహబూబ్‌నగర్‌లో. అందుచేత ఆయన మీద నాకు రెండు విధాల అభిమానం.

దీన్ దయాళ్ గారు 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే ఇల్లు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించుకుని 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. 1874లో, అంటే ముప్పై ఏళ్ళ వయసులో, కెమెరా పట్టారు. ఇందోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, బ్రిటిష్ ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి పాత కోటలు, గుడులు ఫోటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి.

ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే ఎంత శ్రమో ఈనాటి పిల్లలకు చెబితే నమ్మరు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు పూసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీయాలి, వెంటనే కడగాలి. అంటే ఎక్కడికి వెళ్ళినా చీకటి గుడారం, మందు సీసాలు, నీళ్ళు, గాజు పలకలు బండి మీద వెంట రావలసిందే. తర్వాత డ్రై ప్లేట్లు వచ్చి ఆ బాధ కొంత తగ్గింది.

పలక తయారైన తర్వాత ప్రింటు తీయడం మరో తపస్సు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని వెండి ద్రావణం మీద తేల్చి, చీకట్లో ఆరబెట్టి, దానిపై గాజు పలకను ఆనించి ఎండలో పెట్టేవారు. బొమ్మ ఎండకే తేలుతుంది. ఆ ప్రింటును అలాగే హైపోలో వేస్తే ఎర్రటి మట్టిరంగులో మిగులుతుంది, త్వరగా వెలిసిపోతుంది. కాబట్టి ముందు బంగారు స్నానం చేయించేవారు. గోల్డ్ క్లోరైడును నీటిలో కలిపి, దాని పులుపు విరిగేటందుకు బోరాక్సో, సోడియం అసిటేటో చేర్చేవారు. పెద్ద కాగితానికి సుమారు ఒక గ్రెయిను, అంటే 65 మిల్లీగ్రాముల బంగారు ఉప్పు లెక్క. పళ్ళెంలో ఊపుతూ ఉంటే ఎరుపు తగ్గి, కమ్మని ఊదా గోధుమ రంగు వచ్చేది. కొంత వెండి స్థానంలో బంగారం కూర్చుంటుంది. ఆ తర్వాత హైపో, దాని తర్వాత గంటల తరబడి నీళ్ళలో కడగడం.

ఈ సంగతి నాకు బాగా అర్థం కావడానికి కారణం ఉంది. 1970ల్లో నల్లగొండలో మా అద్దె ఇంటి స్నానాలగదిలో ఎర్ర బల్బు పెట్టి నేను బ్రోమైడ్ ప్రింట్లు తీసేవాణ్ణి. బంగారం కొనే స్తోమత లేదు గనుక సెపియా టోనరు కలుపుకునేవాణ్ణి. నా చీటీ ప్రకారం లీటరు నీటికి పొటాషియం ఫెర్రిసయనైడ్ 50 గ్రాములు, పొటాషియం బ్రోమైడ్ 10 గ్రాములు. అందులో వేస్తే బొమ్మ దాదాపు మాయమవుతుంది. బాగా కడిగి, పలుచని సోడియం సల్ఫైడ్ నీళ్ళలో వేస్తే గోధుమరంగులో తిరిగి లేస్తుంది. కుళ్ళిన గుడ్ల వాసనకు మా ఇంటావిడ పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళేది! అయితేనేం, వెండి సల్ఫైడుగా మారిన ఆ బొమ్మలు ఈనాటికీ చెక్కుచెదరలేదు.

ఇక దీన్ దయాళ్ గారి జీవితంలో పెద్ద మలుపు. నలభై దాటాక, సుమారు ఇరవై ఏళ్ళ సర్వీసు ఉండగా, ఆయన సెలవు పెట్టి, పిదప ఉద్యోగమే వదిలేశారు. నెల జీతం విలువ తెలిసిన మనకు అదెంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరించారు. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది ఈ ప్రభువు పేరు మీదనే. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో పెట్టి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు రాజా, ముసవ్విర్ జంగ్ బిరుదులు ఇచ్చారు. 1896లో బొంబాయి స్టూడియో వెలిసింది. 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫరుగా నియామకం లభించింది. ఫలక్‌నుమా హాళ్ళు, దర్బార్లు, వేటలు, ఇంకా ఎన్నో కుటుంబాల ముఖాలు ఆయన పలకల మీదికి ఎక్కాయి.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ కన్నుమూశాడు. మరుసటి ఏడు, 1905 జూలై 5న, బొంబాయిలో ఆయనా కాలం చేశారు. 1911లో మహబూబ్ అలీఖాన్ కూడా పోవడంతో పాత వైభవం తరిగింది. మరో కుమారుడు జ్ఞాన్‌చంద్ తనకు చేతనైనంత వరకు నడిపాడు.

మరి మిగిలిందేమిటి? బిరుదులిచ్చిన దర్బారు లేదు, రాణి లేదు, సంస్థానమూ లేదు. గాజు పలకలూ, ప్రింట్లూ మిగిలాయి. 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ విడుదల చేసింది. పైకి కనిపించని బంగారు స్నానాన్నీ, కడగడాన్నీ ఓపికతో చేసినందువల్లనే ఆ కాలం ముఖాలు మనకు దక్కాయి. ఎవరూ చూడని పనిని సరిగా చేయడమే ఉద్యోగ ధర్మమని మన తరంవారికి ఎవరూ నేర్పనక్కరలేదు గదా.

చివరగా ఒక విన్నపం. మన బీరువాల్లోనూ అమ్మానాన్నల ఫోటోలు, కాలువ పనుల ఫోటోలు, వీడ్కోలు సభల గ్రూపు ఫోటోలు ఉన్నాయి. వాటిని జిగురు ఆల్బముల్లో అంటించవద్దు. తేమ తగలని చోట పెట్టండి. ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. ఆ ముఖాలను గుర్తుపట్టగలవాళ్ళం ఇంకా మనమే. మన తర్వాత మనుమలకు చెప్పేవారు ఉండరు.